ఎల్లమ్మ కథ ఏ శాఖది?

జానపద గాథలను, పురాణములను విశ్వవిద్యాలయములో చదువగోరు విద్యార్థికి మొదటి చిక్కు దరఖాస్తు పత్రముననే యెదురగును: తెలుగు శాఖలో చేరవలెనా, చరిత్రలోనా, సమాజశాస్త్రములోనా? కథకు మాత్రము ఈ గోడలు తెలియవు. గద్వాల సీమలో వినవచ్చు ఎల్లమ్మ కథనే తీసికొందము.

మహాభారతమున అరణ్యపర్వమందు పరశురాముడు తండ్రి యాజ్ఞచే తల్లి రేణుకను వధించి, ఆ తండ్రి వరముచేతనే యామెను మరల బ్రతికించుకొనుటతో ఆమె కష్టము తీరును. పల్లెలో కథ యచ్చటనే మొదలగును. తెగిన శిరస్సు ఎల్లమ్మయై పూజలందుకొన్నదనియు, మొండెము భూదేవియై నిలిచినదనియు అలంపురమున చెప్పుదురు. ఆ భూదేవి శిల్ప మక్కడి పురావస్తుశాలలో కలదు; శిరఃస్థానమున పద్మము, కాళ్లు ఎడముగా ముడుచుకొన్న ప్రసూతి భంగిమ. శిల్పవేత్తలు దానిని లజ్జాగౌరి యని పిలిచి, చాళుక్యుల నాటి యితర మూర్తులతో పోల్చి, సంతానదేవత యని నిర్ణయింతురు. బిడ్డలకొరకు మ్రొక్కుకొను స్త్రీ లే గ్రంథమును చదువకయే యా నిర్ణయమునకు వచ్చియున్నారు. తల లేని మూర్తిని చూచి జనులు తల తెగిన కథను దానికి తగిలించిరో, కథయే ముందు పుట్టి యా మూర్తిని తనలో కలుపుకొన్నదో తేల్చుటకు శిల్పము నెరిగినవాడొక్కడు చాలడు. ఏకవీరాదేవి సన్నిధిని పరశురామ కథలు పాడు బవనీని వర్ణించిన క్రీడాభిరామమును చదివిన సాహిత్యవిద్యార్థియు, నేటికిని పట్నము వేసి జమిడిక మ్రోగించుచు ఎల్లమ్మ కథ చెప్పు బైండ్లవారి యొద్ద రాత్రి యంతయు కూర్చుండగల యోర్పరియు తోడు రావలెను. నా మట్టుకు నేను కథ వినునపుడెల్ల, చెప్పువా రెవరు, ఎవరి యింట, ఏ కార్యమునకు చెప్పుచున్నారని మొదట విచారింతును. కథాంశ మటు తరువాత. 1910లో ఫిన్లాండు పండితుడు ఆంటీ ఆర్నె ప్రకటించిన కథారూపముల పట్టిక గొప్ప సాధనమే కాని, కథకు సంఖ్య దొరకగానే పరిశోధన ముగిసినదని సంతోషించువారిని చూచిన నాకు నవ్వు వచ్చును.

ఇన్ని విద్యల నొక్కచేతితో నడిపినవాడు మన సీమలోనే యుండెను. 1896లో బోరవెల్లిలో జన్మించి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన సురవరము ప్రతాపరెడ్డి న్యాయశాస్త్రము చదివినవాడు, పత్రికను నడిపినవాడు. జానపదశాస్త్రమున నే పట్టమును లేదు. అయినను 'హిందువుల పండుగలు', 'రామాయణ విశేషములు' వ్రాసెను. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యముల నుండి ఆటలను, వంటలను, వేషములను, మ్రొక్కులను వెలికిదీసి, రాజుల పేర్లు వల్లించుటయే చరిత్ర యనుకొన్నవారికి బుద్ధి చెప్పెను. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై ఉస్మానియాకు సిద్ధాంతవ్యాసము సమర్పించి ఆ దారిని విశ్వవిద్యాలయపు రాజమార్గ మొనర్చినది అటుపిమ్మటనే.

నాగరకర్నూలు వైపు మరలినచో శాఖలను కలుపవలసిన యవసర మింకను స్పష్టమగును. అమరాబాదు చెంచుల నడుమ నివసించి, ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1943లో వారిపై గ్రంథమును ప్రకటించెను. ఆ చెంచుల యాడుపడుచును నరసింహస్వామి వివాహమాడెనను గాథను కృష్ణ కావలియొడ్డున అహోబిల మఠాధిపతి యొకరు 'వాసంతికా పరిణయము' అను సంస్కృత నాటకముగా రచించెను. అడవి కథ సంస్కృతమును చేరెనో, ఆలయ కథ యడవికి పోయెనో, ఆ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టక యెట్లు చెప్పగలము? పండ్రెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ నందిన దర్శనం మొగులయ్యగా రీ జిల్లావారే. ఆయన పాటను వ్రాసికొన్నంతమాత్రమున ఆ వాద్య మర్థము కాదు, సొరకాయ బుఱ్ఱలను, వెదురును కూర్చు పనితనమునుగూడ నేర్వవలెను.

2008లో నెలకొన్న పాలమూరు విశ్వవిద్యాలయము వారికి నా మనవి యొక్కటియే: తెలుగు, చరిత్ర, సమాజశాస్త్ర విద్యార్థులను ముగ్గురిని కలిపి యొక్క యూరికి, ఒక్క కథకొరకు పంపి, ముగ్గురిచేతను ఒక్కటే నివేదికను వ్రాయింపుడు. ఈ యేటి ఎల్లమ్మ పండుగకే ఆ పని మొదలుపెట్టవచ్చును.