శిలువ మీద మనిషికి టిఫిను

కోయెన్ సోదరులు తీసిన ‘హెయిల్, సీజర్!’ (2016)లో ఒక చిన్న ముక్క ఉంది. 1951 నాటి హాలీవుడ్ స్టూడియో. ఏసుక్రీస్తు కథ తీస్తున్నారు. సెట్లో శిలువకి ఒక నటుడు వేలాడుతున్నాడు. ప్రొడక్షన్ మనిషి ఒకడు కాగితాలు పట్టుకుని కిందకొచ్చి నిలబడి అడుగుతాడు: నువ్వు ముఖ్యపాత్రవా, జూనియర్ ఆర్టిస్టువా? ముఖ్యపాత్ర అయితే వేడి టిఫిను, లేకపోతే పొట్లం. అంతే సంగతి. శిలువ మీదున్న మనిషి కూడా ఆ ప్రశ్నని మామూలుగానే తీసుకుంటాడు.

ఈ ముక్క చూసి నవ్వాను. కాసేపటికి, మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదా అనిపించింది. కృష్ణుడు, రాముడు, నారదుడు, ఘటోత్కచుడు వేషాల్లో మనుషులు మద్రాసు స్టూడియోల్లో దశాబ్దాల తరబడి ఇడ్లీలు తిన్నారు కదా. కిరీటం పక్కన పెట్టి కాఫీ తాగారు కదా. ఆ ఇడ్లీ మీద ఒక్క తెలుగు సినిమా లేదేం?

‘హెయిల్, సీజర్!’ కథ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎడ్డీ మానిక్స్ అనే స్టూడియో పెద్దమనిషికి ఒక రోజూ, ఇంకాస్తా. పెద్ద హీరోని సెట్ మీంచి ఎవరో ఎత్తుకుపోతారు. తీరా చూస్తే వాళ్ళు కమ్యూనిస్టు రచయితలు. గుర్రమెక్కి తాడు విసరడం తప్ప ఇంకేమీ రాని కౌబాయ్ కుర్రాణ్ణి తీసుకొచ్చి, సూటు తొడిగి, దొరల ఇళ్ళలో జరిగే నాటకంలాంటి సినిమాలో పెడతారు. పాపం, ఒక్క వాక్యం నోరు తిరగదు. దర్శకుడు మర్యాద తప్పకుండా మళ్ళీ మళ్ళీ చెప్పిస్తాడు. ఏసు చిత్రణ మీద ఎవరి మనసూ నొచ్చుకోకూడదని నలుగురు మతపెద్దల్ని పిలిచి కూర్చోబెడితే, వాళ్ళు దేవుడి సంగతి దగ్గరే కొట్టుకుంటారు. ఎడిటర్ మెడలోని స్కార్ఫు ఎడిటింగ్ యంత్రంలో ఇరుక్కుని ఆవిడ ప్రాణం మీదకొస్తుంది. ఇవన్నీ సర్దుకుంటూ మానిక్స్ ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి నడుస్తూనే ఉంటాడు. మేధావుల సినిమా అని కొందరు, తేలిపోయిందని కొందరు అన్నారు. నాకు మాత్రం అది పని గురించిన సినిమాగా కనిపించింది. ఇందులో తారలందరూ ముందు పనివాళ్ళు, ఆ తర్వాతే తారలు.

మన స్వర్ణయుగం మీద మనం తీసిన వాటిలో మంచిది ‘మహానటి’ (2018). నాగ్ అశ్విన్ ప్రేమగా తీశాడు, కీర్తి సురేష్ గొప్పగా చేసింది, ఆ విషయంలో పేచీ లేదు. నాకు బాగా గుర్తుండిపోయినవి మొదటి సగంలో ఉన్నాయి. కన్నీళ్ళు ఎడమ కంటి నుంచి రెండంటే రెండు చుక్కలే రావాలని దర్శకుడు అడిగే చోటు ఒకటి. ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి అభినయించే చోటు ఇంకొకటి. ఒక అమ్మాయి, లోపల రాక్షసుడున్న అమ్మాయిలా నటించాలి. అది ఎంత కష్టమైన పనో, ఎంత సరదా పనో సినిమాకి తెలుసు. ఆ కాసేపూ హాల్లో అందరి మొహాలూ వెలిగాయి. తర్వాత? ఆ వెలుగంతా రాబోయే చీకటికి అప్పుగా మారిపోతుంది. ఎంత నవ్వావో అంత ఏడు అన్నట్టు. రెండో సగం అయ్యేసరికి మనకి మిగిలేది సావిత్రి విధి. ఆమె పనితనం ఆ విధికి ముందుమాట అయిపోతుంది.

ఇది ఒక్క ‘మహానటి’ వరసే కాదు. పాలకొల్లు నుంచి వెళ్ళిన దాసరి నారాయణరావు సినిమా తార మీద సినిమా తీస్తే ‘శివరంజని’ (1978) అయింది. పసలపూడి వంశీ, మాటకి ముందు నవ్వే గోదావరి మనిషి, తన ‘మహల్లో కోకిల’ నవలని ‘సితార’ (1984)గా తీస్తే అందులోనూ తారకి దక్కింది ఒంటరితనమే. నవ్వించడం చేతకాక కాదు వీళ్ళు ఏడిపించింది. సినిమా తార అనగానే తెలుగు కథకుడికి చెయ్యి రుమాలు వైపు వెళ్తుంది. ఆ తర్వాత వచ్చిన ‘ఎన్.టి.ఆర్. కథానాయకుడు’ (2019)లో కన్నీళ్ళ బదులు హారతి. తండ్రి పాత్ర కొడుకే వేసిన సినిమాలో తండ్రి డైలాగు మర్చిపోయే సీను ఆశించలేం. అది సహజం. అయితే ఏడుపు, కాకపోతే హారతి: పాతకాలపు సినిమావాళ్ళని గుర్తు చేసుకోవడానికి మనకి ఈ రెండే దారులు మిగిలాయి.

మరి సినిమావాళ్ళ మీద నవ్వే సినిమా లేదా అంటే, ఉంది. రామ్‌గోపాల్ వర్మ ‘కథ స్క్రీన్‌ప్లే దర్శకత్వం అప్పలరాజు’ (2011). అమలాపురం కుర్రాడు, సునీల్ వేశాడు, ‘నాయకి’ అనే కన్నీటి కథ రాసుకుని హైదరాబాదు వస్తాడు. నిర్మాత దగ్గర్నుంచి దాదా దాకా తలా ఒక చెయ్యీ వేసి ఆ కథని గుర్తు పట్టకుండా చేస్తారు. చాలాచోట్ల పడీపడీ నవ్వుతాం. కానీ ఆ నవ్వులో కసి ఉంది. ఈ పరిశ్రమలో ఎవడికీ ఏమీ రాదు అన్న నమ్మకం మీద నడిచే హాస్యం అది. కోయెన్ సోదరుల దగ్గర కథ వేరేలా నడుస్తుంది. వాళ్ళ సినిమాలో అందరూ వెర్రివాళ్ళే, కానీ ప్రతి వెర్రివాడికీ ఒక్క పనైనా అద్భుతంగా వచ్చు. డైలాగు చెప్పలేని ఆ కౌబాయ్, డిన్నరు బల్ల దగ్గర కూర్చుని నూడుల్స్‌తో ఉరితాడు తిప్పినట్టు తిప్పి చూపిస్తాడు. ఆ క్షణంలో వాడి మీద మనకి జాలి పోయి గౌరవం వస్తుంది.

ప్రేమగా నవ్వడం మనకి రాదని కూడా అనలేను. ‘సినిమా బండి’ (2021) ఉంది. ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరాతో ఊరివాళ్ళు సినిమా తీయబోతారు. ఎంత హాయిగా ఉంటుందో. కాకపోతే వాళ్ళు పేరు లేని మనుషులు. పేరున్నవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మనం చెప్పులు విప్పి లోపలికి వెళ్తాం.

చిత్రమేమిటంటే, ఆ స్వర్ణయుగం నడుస్తున్న రోజుల్లోనే దాని మీద నవ్విన మనిషి ఒకాయన ఉన్నాడు. ధవళేశ్వరంలో పుట్టి మద్రాసు చేరిన ముళ్ళపూడి వెంకటరమణ. ‘ఆంధ్రపత్రిక’లో పనిచేసిన రమణ సినిమాలోకం మీద ‘విక్రమార్కుని మార్కు సింహాసనం’ రాశాడు, గురజాడ గిరీశాన్ని పట్టుకొచ్చి ‘గిరీశం లెక్చర్లు’ ఇప్పించాడు. అప్పటికి అది స్వర్ణయుగమని ఎవరికీ తెలీదు కాబట్టి ఆయనకి భయం లేదు. పైగా నవ్విన చెయ్యే తర్వాత అదే లోకంలో దిగింది. ఆయన మాటలు రాసిన తొలి సినిమాల్లో ఒకటి ‘రక్తసంబంధం’ (1962). ఎన్టీఆర్, సావిత్రి అన్నాచెల్లెళ్ళుగా రాష్ట్రాన్ని మొత్తం ఏడిపించిన సినిమా. హాస్యరచయిత మొదట చేతులారా చేసింది జనం చేత రుమాళ్ళు తడిపించడం! దీని మీదే ఒక సినిమా తీయొచ్చు కదా. పగలు వెక్కిరింతలు రాసే చెయ్యి, రాత్రి చెల్లెలి కన్నీళ్ళు రాస్తోంది.

మలివయసులో ఆయన రాసుకున్న ‘కోతి కొమ్మచ్చి’ చదివినవాళ్ళకి నేను చెప్తున్నది ఇట్టే అర్థమవుతుంది. అక్కడ మహానుభావులందరూ కాళ్ళు నేల మీద పెట్టుకుని తిరుగుతారు. అప్పులుంటాయి, ఆకలి ఉంటుంది, పంతాలుంటాయి, వాటన్నిటి మధ్యలో పని ఉంటుంది. ఎవరి గొప్పతనమూ తగ్గలేదు. బాపుతో కలిసి తీసిన తొలి సినిమా ‘సాక్షి’ (1967)కి స్టూడియో సెట్లు వదిలేసి గోదావరి పక్కన పులిదిండి వెళ్ళిపోయారు. ఆ సినిమా మీద హాలీవుడ్ ‘హై నూన్’ (1952) నీడ ఉందంటారు. తమాషా ఏంటంటే అదే 1952లో, టాకీలు వచ్చినప్పుడు తమ స్టూడియోలు పడ్డ అవస్థ మీద హాలీవుడ్ ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ తీసుకుని నవ్వుకుంది. మైకు ఎక్కడ దాచాలో తెలీక పూలమొక్కలో పెడతారు, హీరోయిన్ చీరమీద కుడతారు (చీర కాదులెండి, గౌను). అప్పటికి ఆ సంగతులు జరిగి పాతికేళ్ళు. మన తొలి టాకీ వచ్చి తొంభై ఏళ్ళు దాటింది.

ఈ పేచీ అంతా ఎందుకంటే, ఏడుపుకీ హారతికీ ఒక గొప్ప పేరు కావాలి. పెద్ద పతనమో, పెద్ద విజయమో ఉండాలి. అవి లేనివాళ్ళు ఆ కథల్లో ఇమడరు. రేలంగి వెంకట్రామయ్య హాస్యనటుడిగా నిలదొక్కుకోకముందు ఏళ్ళ తరబడి కాకినాడ చిత్తజల్లు పుల్లయ్య దగ్గర ప్రొడక్షన్ పనులు చూశాడు. మనుషుల్ని పోగెయ్యడం, లెక్కలు, భోజనాలు. ఆ రేలంగి ఏ బయోపిక్‌లో ఉంటాడు? పద్మశ్రీ రేలంగి ఉంటాడేమోగానీ క్యారియర్లు లెక్కపెట్టే రేలంగికి చోటు దొరికేది హాస్యంలోనే. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టాడు. మద్రాసు, కలకత్తా, బొంబాయి పోకుండా గోదావరి ఒడ్డునే సినిమా తీద్దామన్న ఆశ. ‘సంపూర్ణ రామాయణం’ అక్కడే తీశారు. ఆ స్టూడియో ఇప్పుడు లేదు. దాని మీద ఏడవడానికి మనకి ఒక సావిత్రి లేదు, అందుకే మర్చిపోయాం. అక్కడ దీపాలు పట్టుకున్నవాళ్ళు, కోతివేషాలు కట్టినవాళ్ళు ఎవరు? తాడేపల్లిగూడెం వెళ్తే ఎస్వీ రంగారావు కంచు విగ్రహం కనిపిస్తుంది, సంతోషమే. విగ్రహం కింద నిలబడి ఆయన భోజనం ఏ పూట ఎవరు తెచ్చేవారని అడగలేం.

నా మాటకి నేనే అడ్డుచెప్పుకోవాల్సింది ఒకటుంది. తేలిగ్గా నవ్వేస్తే చేదు కప్పుకుపోదా? నిజజీవితంలోని ఎడ్డీ మానిక్స్ అంత మంచివాడేం కాదు. ఎమ్‌జీఎమ్ తారల గుట్టు దాచడమే అతని ఉద్యోగం. సినిమాలో పెళ్ళి కాకుండా గర్భవతైన హీరోయిన్ చేత, తన బిడ్డని తనే దత్తత తీసుకునేలా ఏర్పాటు చేయబోతాడు. మనం నవ్వుతాం. నవ్వాక గొంతులో ఏదో అడ్డుపడుతుంది: ఒక ఆడమనిషి బతుకు మొత్తం ఒక ఆఫీసు ఫైలు అయిపోయింది. మద్రాసులోనూ ఇలాంటి ఫైళ్ళు లేవని ఎవరైనా అనగలరా? సావిత్రి కథ ఏడుస్తూనే చెప్పాలి, నిజమే. అయితే ఆ యంత్రం ఎలా నడిచిందో చూపించగలిగింది మటుకు కోయెన్ సోదరుల తేలికపాటి నవ్వే. కన్నీళ్ళలో మనకి బాధితురాలు ఒక్కతే కనిపిస్తుంది, చుట్టూ ఉన్నవాళ్ళు మసకబారిపోతారు.

నాకు కావలసిన సినిమా ఏమిటో చెప్పమంటారా? 1936. పుల్లయ్య అందరూ పిల్లలతోనే ‘అనసూయ’ తీస్తున్నాడు. ఇది కల్పన కాదు, నిజంగా తీశాడు. ‘ధ్రువ’తో జతచేసి ఒకే టిక్కెట్టు మీద చూపించారు కూడా. ఒక్కసారి ఊహించుకోండి. అనసూయ కథలో అసలు మలుపు త్రిమూర్తులు పసిపిల్లలైపోవడం. ఇక్కడ త్రిమూర్తులు ముందే పిల్లలు! ఆ సీను ఎలా తియ్యాలని యూనిట్ అంతా తల పట్టుకుని ఉంటుంది. అత్రి మహాముని గడ్డం దురదపెడుతోందని ఏడుస్తుంటాడు. బ్రహ్మకి నిద్రొస్తోంది. విష్ణుమూర్తికి అమ్మ కావాలి. ఎవరో ఒకడు కాగితం పట్టుకుని, ఎవరికి పాలు, ఎవరికి పెరుగన్నం అని రాసుకుంటూ తిరుగుతుంటాడు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి పేరు కృష్ణవేణి. పంగిడిలో పుట్టి, నాటకాల్లో ఆడుతుంటే పుల్లయ్య కంట పడి సినిమాల్లోకి వచ్చింది. పెద్దయ్యాక నిర్మాత అయింది, ‘మనదేశం’ (1949) తీసింది. నూరేళ్ళు నిండి 2025 ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది. ఆ రోజు నేను చదివిన నివాళులన్నీ ఎన్టీఆర్‌ని తెరకి పరిచయం చేసిన నిర్మాత అన్న వాక్యంతోనే మొదలయ్యాయి. అబద్ధం కాదు. కానీ పదకొండేళ్ళ వయసులో, దేవుళ్ళ వేషాలేసుకున్న పిల్లలమంద మధ్య ఆమె ఏం తిన్నది, ఎవరితో కొట్లాడింది, ఏ టేకులో నవ్వాపుకోలేకపోయింది అన్నది అడిగి రాసుకున్నవాళ్ళు ఎంతమంది?

ఇంకా కొందరు మిగిలున్నారు. అంత పాతవాళ్ళు కాకపోయినా, అరవైల్లో, డెబ్భైల్లో గోదావరి ఒడ్డున షూటింగులకి పడవలు నడిపినవాళ్ళు, గుంపులో నిలబడ్డవాళ్ళు, హీరోగారికి గొడుగు పట్టినవాళ్ళు. ఈసారి కలిస్తే ఫలానా మహానటుడు ఎంత గొప్పవాడో చెప్పమని అడక్కండి. ఆ రోజు మీకు టిఫిను ఏం పెట్టారని అడగండి.