విరిచే కాయ, మడిచే ఆకు

సింహాచలం కొండ కింద, అడివివరంలో మా బంధువుల పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున. రాత్రి తొమ్మిదింటికి కల్యాణమండపం వెనక గదిలో చాప పరిచి, తడిగుడ్డలో చుట్టిన తమలపాకుల కట్టలు విప్పాం. మా పెద్దమ్మ ఒక్కో ఆకూ తుడిచి, జంటలుగా పేర్చి నావైపు జరుపుతోంది. నేను వాటిమీద రెండు వక్కలు, రెండు అరటిపళ్లు పెట్టి సంచుల్లో సర్దుతున్నాను. ఒక ఆకు కొస కాస్త చిరిగి ఉంది. చూసుకోకుండా జంటలో కలిపేశాను. పెద్దమ్మ కన్ను దాన్ని పట్టేసింది. “చిరిగింది పెట్టకూడదమ్మా, తీసి అటు పడెయ్,” అంది.

ఆ మాటతో నాకు కోలాకాయ గుర్తొచ్చింది. మన తాంబూలంలో చిరిగిన ఆకు పనికిరాదు. నైజీరియాలో ఇగ్బోల ఇంటికి వెళ్తే, పగలగొట్టకుండా ఉంచిన కోలాకి విలువే లేదు. రెండూ అతిథి మర్యాదలే. ఒకటి చెక్కుచెదరకుండా చేతులు మారాలి, ఇంకొకటి అందరూ చూస్తుండగా ముక్కలు కావాలి. ఇది పైపై తేడా అని నేను అనుకోను. గురజాడ ‘కన్యాశుల్కం’లో తాంబూలాన్నీ, చినువా అచెబె 1958లో రాసిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో కోలానీ పక్కపక్కన పెట్టి చదివిన కొద్దీ ఆ నమ్మకం నాలో గట్టిపడింది.

కోలా పశ్చిమాఫ్రికా అడవుల చెట్టు, కోకోకి దగ్గరి చుట్టం. కాయలోపల తెల్లటి పొర, ఆ పొరలో గింజ. ఎరుపో, గులాబీయో, మీగడ రంగో ఉంటుంది. కొరికితే చేదు. తర్వాత నీళ్లు తాగితే, ఉసిరికాయ తిన్నాక తాగినట్టు, నోరు తియ్యనవుతుంది. కాఫీలో ఉండే కెఫీనే ఇందులోనూ ఉంది కాబట్టి నిద్ర ఆపుతుంది, ఆకలి చంపుతుంది. ఇందులో రెండు రకాలు ముఖ్యం. రెండే బద్దలుగా విడిపోయేది హౌసా వర్తకులు ఊరూరా తిప్పిన ‘గోరో’. మూడు, నాలుగు, ఇంకా ఎక్కువ బద్దలుగా విడిపోయేది ఇగ్బోలు ‘ఓజీ’ అని అతిథి ముందు పెట్టేది. పగిలాక బద్దలు లెక్కపెడతారు. ఇగ్బోల వారానికి నాలుగే రోజులు: ఎకే, ఓరియే, అఫో, న్క్వో. నాలుగూ సంతరోజులే. నాలుగు బద్దలు వస్తే ఆ నాలుగు రోజులూ చల్లగా ఉన్నట్టు. జంటని మనం ముందే కూర్చుకుంటాం. బద్దలెన్నో కాయ పగిలేదాకా ఆ ఇంటి యజమానికే తెలియదు.

అందులోనే కోలా స్వభావం ఉంది. యజమాని కాయ తెచ్చి పెడతాడు. అది వరసలో అందరి చేతుల్లోకీ వెళ్తుంది, అందరూ చూస్తారు, తిరిగి అతని చేతికే వస్తుంది. పెద్దవాడు పితరులను పిలిచి, ఉన్నవాళ్లందరి పేరునా ఆయుష్షు అడుగుతాడు. అప్పుడు విరిచి పంచుతారు. కోలాకి ఇంగ్లీషు రాదని ఇగ్బోలు అంటుంటారు. ఎంత చదువుకున్నవాడైనా ఆ ప్రార్థన ఇగ్బోలోనే చెయ్యాలి. ఎవరో ఒకరు నోరు విప్పి నాలుగు మాటలు చెప్పకుండా ఆ కాయ తినడానికి వీల్లేదు. తాంబూలానికి ఏ మాటా అక్కర్లేదు. బొట్టు పెట్టి, చేతిలో పెడితే చాలు.

అచెబె నవల మొదటి అధ్యాయంలోనే కోలా వస్తుంది. ఉనోకా అనే వేణువు వాయించే మనిషి, ఊరందరికీ బాకీ. అతని ఇంటికి ఒకోయే అనే పొరుగువాడు మేకతోలు చంకన పెట్టుకుని వస్తాడు. ఉనోకా చిన్న కొయ్యపళ్లెంలో కోలా, యాలకుల జాతికి చెందిన ఘాటు గింజలు, తెల్ల సుద్దముక్క తెచ్చి పెడతాడు. నువ్వు విరువంటే నువ్వు విరువని ఇద్దరూ కాసేపు మర్యాదకి వాదించుకుంటారు. చివరికి ఉనోకాయే విరుస్తాడు. విరుస్తూ ఆయురారోగ్యాలిమ్మని, శత్రువుల నుంచి కాపాడమని పితరులను వేడుకుంటాడు. ఒకోయే సుద్దతో నేలమీద గీతలు గీసి, కాలి బొటనవేలికి రాసుకుంటాడు. వానల మాట, విందుల మాట, యుద్ధం మాట అయ్యాక, సామెతల మీద సామెతలు చుట్టి, అప్పిచ్చిన రెండువందల గవ్వలు అడుగుతాడు. ఉనోకా పకపకా నవ్వి గోడ చూపిస్తాడు. గోడ నిండా సుద్దగీతలు, ఒక్కో గీతా వంద గవ్వల బాకీ. పెద్ద బాకీలు తీరాకే చిన్నవి, అంటాడు. ఒకోయే మేకతోలు చుట్టుకుని లేచిపోతాడు.

ఈ సన్నివేశాన్ని చాలామంది హాస్యంగా చదువుతారు. నన్ను కదిలించేది సుద్ద. మర్యాదకి గీసిన గీతలూ, బాకీకి గీసిన గీతలూ ఒకే ఇంట్లో ఒకే సుద్దతో పడ్డాయి. అచెబె దాన్ని ఎత్తి చూపడు, అలా వదిలేస్తాడు. కోలా బాకీని మాఫీ చెయ్యలేదు, వసూలు కూడా చెయ్యలేదు. బాకీ ఉన్నవాడు తనకూ, అప్పిచ్చినవాడికీ కలిపి ఆయుష్షు అడిగాడు. ఆ తర్వాతే డబ్బు మాట వచ్చింది. చేదు మాటైనా ఇద్దరూ కూర్చునే మాట్లాడుకున్నారు. కోలా అక్కడ నోటికి తలుపు తెరిచింది.

కన్యాశుల్కంలో జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ తాంబూలం మన కళ్లకి కనిపించనే కనిపించదు. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇస్తానని ఎక్కడో తాంబూలాలు పుచ్చుకుని వచ్చాడు. వేదిక మీదికి వచ్చింది ఆ వార్త ఒక్కటే. భార్య వెంకమ్మ ఏడ్చినా, బావమరిది కరటకశాస్త్రి వాదించినా ఆయన జవాబు ఒక్కటే, తాంబూలాలు ఇచ్చేశానని. ఆ జవాబు ఇవాళ్టికీ తెలుగునాట సామెతగా తిరుగుతోంది. ఆకు చేతులు మారాక ఇక ఎవరి మాటా చెల్లదు. వెంకమ్మ నూతిలో పడుతుంది. పెద్దకూతురు బుచ్చమ్మకి అప్పటికే ఇలాంటి తాంబూలం వల్లే వైధవ్యం వచ్చింది. ఇక సుబ్బిని అడిగినవాడే లేడు.

ఈ ఆకుల వెనక లెక్క ఉంది. విజయనగరం ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా రాయిస్తే 1034 తేలాయని గురజాడ మొదటి కూర్పు ముందుమాటలో చెప్పారు. ఆ మహారాజు వంశం పూసపాటివారే సింహాచలం కొండమీది అప్పన్న గుడికి అనువంశిక ధర్మకర్తలు. నాటకం 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివే రూపం 1909 నాటిది. మేం ఆకులు తుడుస్తూ కూర్చున్న ఈ నేల ఆ 1034 పెళ్లిళ్ల జిల్లాలోదే. చదివిన ప్రతిసారీ ఆ అంకె దగ్గర నా కన్ను ఆగిపోతుంది. వెయ్యికి పైగా ఇళ్లలో ఎవరో తమలపాకులు తుడిచి జంటలు పేర్చే ఉంటారు.

గురజాడ పట్ల నా గౌరవం ఇంకో చోట రెట్టింపవుతుంది. మాటతో తాంబూలాన్ని ఓడించలేమని ఆయనకి తెలుసు. అందుకే కరటకశాస్త్రి చేత వాదన మాన్పించి వేషం కట్టించారు. శిష్యుడికి చీర కట్టి, పెళ్లికూతురని లుబ్ధావధాన్లుకి అంటగట్టడం సరదాకి పెట్టిన ఎత్తు అని విమర్శకులు కొందరు తేలిగ్గా దాటేస్తారు. నేను ఒప్పుకోను. నోళ్లు మూతపడ్డ ఇంట్లో మేనమామకి మిగిలిన దారి అదొక్కటే. కోలా పంచుకున్న ఇంట్లో ఉనోకాకి వేషం అవసరం రాలేదు, ఉన్నమాటే చెప్పి గోడ చూపించగలిగాడు.

ఇలా అన్నానని కోలాని నెత్తిన పెట్టుకోవడం లేదు. సంప్రదాయంగా ఇగ్బో ఆడవాళ్లు కోలా విరవరు, దీవించరు. ముక్క అందుకుంటారు, అంతే. అచెబె నవలలోనే కథానాయకుడు ఒకోన్‌క్వో విత్తనపు పెండలం అడగడానికి న్వాకిబీ అనే సంపన్నుడి ఇంటికి వెళ్లినప్పుడు కూడా కోలా అందరి చేతులూ తిరిగి, విరిగి, ప్రార్థన అయ్యాకే అసలు మాట వస్తుంది. ఎనిమిది వందల పెండలాలు దొరుకుతాయి. కానీ ఆ వరస చేతుల్లో ఆడచెయ్యి లేదు. తాంబూలం సంగతి వేరు. పేరంటంలో, వ్రతంలో, పెళ్లిలో దాన్ని ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఎక్కువగా ఆడవాళ్లే. ఇక్కడ మన ఆకుదే పైచెయ్యి అనాలనిపిస్తుంది. అయితే అందులో కూడా ముత్తయిదువులకే ఆ చోటు. బుచ్చమ్మ పుట్టింట్లో ఎన్ని పేరంటాలు జరిగినా ఆమె చేతిలో ఎవరూ ఆకు పెట్టి ఉండరు.

తాంబూలం ముగింపుకే అన్నది కూడా పూర్తి నిజం కాదు. బొట్టు పెట్టి తాంబూలమిచ్చి పిలవడమూ ఉంది. అయినా బరువంతా చివరనే పడుతుంది: భోజనం చివర, వ్రతం చివర, బేరం చివర. 1443లో హంపీ విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్‌కి కూడా కొలువు నుంచి సెలవు తీసుకునే వేళ తమలపాకులు, కర్పూరం ఇచ్చి పంపారు. అల్లసాని పెద్దనదని చెప్పుకునే చాటువులో కవిత్వం రాయాలంటే కావలసిన వాటిలో కప్పురవిడెం ఉంది. అక్కడ ఒక్కచోటే నాకు ఆకు నోరు తెరిపించినట్టు కనిపిస్తుంది.

అసలు విరిచి పంచుకునేది మనకి లేకపోలేదు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం గిరిప్రదక్షిణకి బయల్దేరేవాళ్లు కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొడతారు. ముప్పై రెండు కిలోమీటర్ల నడక ఆ చప్పుడుతో మొదలు. నీళ్లు కాళ్ల మీద పడుతుంటే లక్షల మంది తోసుకుంటూ సాగుతారు. దేవుడి ముందు మనం కాయ పగలగొడతాం, మనిషి ముందు ఆకు మడుస్తాం. ఇగ్బోలు ఆ రెండింటినీ ఒకే పళ్లెంలో పెట్టుకున్నారు. వాళ్ల పితరులూ, పొరుగువాడూ ఒకే కాయలో ముక్కలు పంచుకుంటారు.

అదే తొలిపావంచా దగ్గర కొట్లలో కోలా పేరు చల్లటి సీసాల మీద కనిపిస్తుంది. 1886లో అట్లాంటాలో పెంబర్టన్ తయారుచేసిన పానీయానికి ఆ పేరు ఈ కాయ నుంచే వచ్చింది. సీసా ఎవరిది వాళ్లు తాగేస్తారు, పంచడం అందులో లేదు. తాంబూలమూ ఆ దారిలోనే పడింది. వధూవరుల పేర్లు అచ్చేసిన సంచిలో ఇంటికెళ్లి, ఫ్రిజ్ మీద రెండు రోజులు ఉండి ఎండిపోతుంది. కోలాని ఉన్నచోటనే, ఇచ్చినవాడి ఎదుటే తినాలి. మన ఆకు కూడా ఒకప్పుడు అరుగు మీద సున్నం డబ్బా, అడకత్తెర మధ్య కూర్చుని నమిలేదే. అది మనం పోగొట్టుకున్నాం, నాకు ఆ లోటు బాగా తెలుస్తుంది.

తెల్లవారాక పెళ్లి అయింది. గుమ్మం దగ్గర వదినలు, మరదళ్లు నిలబడి వచ్చినవాళ్లకి బొట్టు పెట్టి సంచులు అందిస్తున్నారు. నాలుగు వందల జంటలు తుడిచి పేర్చిన పెద్దమ్మ మాత్రం వెనక గదిలోనే చాప మీద కూర్చుని ఉంది. పెదనాన్న పోయి పన్నెండేళ్లు. బయటికి రమ్మని ఎవరూ అనలేదు, ఆవిడా రాలేదు. నాకిచ్చిన సంచి పట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆకులు తీసి, ఒకటి ఆవిడ చేతిలో పెట్టి ఒకటి నేను ఉంచుకున్నాను. వక్కని అడకత్తెరలో రెండు ముక్కలు చేశాను.

“జంట విడదీశావేంటే,” అంది పెద్దమ్మ.

అంటూనే తొడిమ గిల్లి, ఈనె లాగి, ఆకు వెనక్కి తిప్పి సున్నం రాసుకుంది. వక్కముక్క పెట్టి మడిచి బుగ్గన పెట్టుకుంది. కాసేపటికి పెదవులు ఎర్రబడ్డాయి. అప్పుడు మొదలుపెట్టింది, తన తాంబూలాలు పుచ్చుకున్న రోజు గోపాలపట్నం నుంచి ఎవరెవరు బండి దిగారో, తను ఏ తలుపు చాటున నిలబడి విందో.