తొంభై రెండు దగ్గర సగం

రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో చాలా విద్యలకు చివరి మెట్టు 99. అక్కడికి చేరాలంటే 1,30,34,431 అనుభవం పాయింట్లు కావాలి. 92 వచ్చేసరికి గమ్యం కనిపిస్తున్నట్టే ఉంటుంది, కానీ పాయింట్లలో చూస్తే అది సగం దారి. విల్లో చెట్టు నరికితే ఒక్కో దుంగకు 67.5 పాయింట్లు వస్తాయి. మొత్తం విల్లోలతోనే కొట్టాలంటే దాదాపు 1,93,000 దుంగలు నరకాలి.

2006లో హన్మకొండలో ఒక నెట్ సెంటర్లో ఆడేటప్పుడు నాకు ఈ లెక్కలు తెలియవు. బ్రౌజర్ తెరిస్తే చాలు, ఆట వచ్చేది. పాత కంప్యూటర్లున్న మా నెట్ సెంటర్ దాకా అది రాగలిగింది అందుకే. గంటకు పదిహేను రూపాయలు. డ్రేనోర్ ఊళ్లో బ్యాంకు దగ్గర విల్లోల కింద నిలబడి నరికేవాణ్ని. పక్కన ఏయే దేశాల వాళ్లో ఉండేవారు. చేతిలో పని సాగుతుంటే కబుర్లు నడిచేవి. మధ్యలో ఎవరో ఒకరు ‘నరకడంలో ఎవరి లెవెల్ ఎంత?’ అని అడిగేవారు. అందరం వరసగా చెప్పేవాళ్లం. ఎక్కువున్నవాణ్ని మెచ్చుకునేవాళ్లం.

ఒకసారి జ్వరమొచ్చి వారం పాటు వెళ్లలేదు. మా పెద్దమ్మ కొడుకు ‘నీ పాస్‌వర్డ్ ఇయ్యిరా, నేను ఆడిపెడ్త’ అన్నాడు. తిరిగి వెళ్లేసరికి రెండు లెవెళ్లు పెరిగున్నాయి. అన్నయ్య ప్రేమతోనే చేశాడు. ఆ సాయంత్రం మళ్లీ ఎవరో లెవెల్ అడిగారు. ఆ రెండూ కలిపే చెప్పాను. మెచ్చుకున్నారు, థాంక్స్ అన్నాను. ఆ థాంక్స్ నాది కాదని అప్పుడే తెలిసింది.

లెవెల్ అనేది ముక్కూమొహం తెలియని మనిషికి మనమిచ్చే మాట. ఈ పని నేను చేసొచ్చాను, నన్ను నమ్మవచ్చు అని. ఒంటరిగా చెట్లు నరికేచోట ఆ మాట తప్పినా ఎవరికీ నష్టం లేదు. ఐదుగురు కలిసి గుహలోకి దిగేచోట ఉంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే మరో ఆటలో ఒకరు ముందు నిలబడి దెబ్బలు కాస్తారు, ఒకరు వైద్యం చేస్తారు, ముగ్గురు కొడతారు. 2019లో పాత రూపంలో ఆ ఆటను మళ్లీ తెచ్చినప్పుడు మంత్రగాళ్లు కొత్త బేరం మొదలుపెట్టారు. ఒక మంత్రగాడు గుహలోని రాక్షసులందరినీ ఒకచోటికి పోగేసి మంచుతో చంపుతాడు. బంగారం చెల్లించిన నలుగురూ వాకిట్లో నిలబడి అనుభవం పంచుకుంటారు. దానికి బూస్టింగ్ అని పేరు. అలా పైకొచ్చిన ఒకతను ముందు నిలబడతానంటే మేం నమ్మాం. వైద్యం నాది. రాక్షసుడు నా మీదికి తిరిగితే వాణ్ని తనవైపు లాక్కోవాలని అతనికి తెలియదు. మూడుసార్లు అందరం చచ్చాం. నాలుగోసారి ఎవరూ ఉండలేదు. గంటన్నర పోయింది, అతను సిగ్గుతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. నేర్చుకునే దారిని అతనికి లేకుండా చేశారనిపించింది.

రాత్రి షిఫ్టు చేసొచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, గంటసేపు ఆడుకునే మనిషి అంత దూరం నడవలేడు. అది నాకు అర్థమవుతుంది. అయితే 2014లో వార్‌క్రాఫ్ట్‌ను నడిపే బ్లిజార్డ్ కంపెనీయే 60 డాలర్లకు 90వ లెవెల్ అమ్మడం మొదలుపెట్టింది. దారి విసుగ్గా ఉంటే దారిని బాగుచేయాలి. దాన్ని తప్పించుకోవడానికి టికెట్ అమ్మడం తప్పు.

రెండు మూడు ఐడీలు పెట్టుకోవడం మీద నాకు అంత పట్టింపు లేదు. రూన్‌స్కేప్ పాత నిబంధన ఎన్ని ఖాతాలైనా తెరవనిచ్చేది, కానీ ఒకేసారి రెండింటిలో ఉండనిచ్చేది కాదు, ఒకదానికొకటి సాయం చేసుకోనిచ్చేది కాదు. వార్‌క్రాఫ్ట్‌లో కొందరు ఐదు పది ఖాతాలు తెరిచి, ఒక్క మీట నొక్కితే అన్ని బొమ్మలూ ఒకేసారి కదిలేలా సాఫ్ట్‌వేర్ పెట్టుకునేవారు. ఒకే మూలిక మీద పక్షుల గుంపులా వాలి, తలా ఒక వాటా తీసుకుపోయేవారు. సంతలో సరుకు పెరిగి ధర పడిపోయేది. ఒక్కడే తిరిగి ఏరుకున్నవాడి సాయంత్రానికి విలువ తగ్గేది. 2020 నవంబరులో బ్లిజార్డ్ ఆ సాఫ్ట్‌వేర్‌ను నిషేధించింది, ఖాతాలను మాత్రం ఉంచుకోనిచ్చింది. గీత సరిగ్గా గీసిందనే అంటాను. ఎన్ని బొమ్మలున్నా ప్రతిదాన్నీ విడిగా చేత్తో కదిలించాలి.

అడ్డదారి ఖర్చు ఎవరు కడతారో 2008 జనవరిలో చూశాను. అసలు డబ్బుకు ఆట బంగారం అమ్మేవాళ్లు, దొంగ క్రెడిట్ కార్డులతో తెరిచిన ఖాతాలు పెరిగిపోయి, రూన్‌స్కేప్‌ను నడిపే జాగెక్స్ కంపెనీ సమానం కాని బేరాలన్నీ ఆపేసింది. దాంతో బహుమతి కూడా ఆగిపోయింది. కొత్తగా చేరిన తమ్ముడికి ఖరీదైన వస్తువేదీ ఊరికే ఇవ్వలేకపోయాను. మూడేళ్లు దాటాక, 2011 ఫిబ్రవరిలో, 12 లక్షలకు పైగా ఓట్లు పడ్డాక పాత పద్ధతి తిరిగొచ్చింది. పది ఓట్లలో తొమ్మిది కావాలన్నవే.

అమ్మేవాళ్లందరూ దొంగలని మాత్రం అనలేను. వెనిజులాలో డబ్బుకు విలువ పోయిన రోజుల్లో అక్కడి కుర్రాళ్లు ఇదే ఆటలో పచ్చ డ్రాగన్లను చంపి, వచ్చిన బంగారం అమ్మి ఇంటికి తిండి తెచ్చుకున్నారు. ఆట నిబంధన ప్రకారం అది తప్పే. నేను మాత్రం వాళ్ల మీద ఫిర్యాదు చేయను.

నాకు నచ్చిన పరిష్కారం 2014లో రూన్‌స్కేప్‌లో వచ్చిన ఐరన్‌మ్యాన్ పద్ధతి. అందులో చేరినవాడు ఎవరితోనూ బేరమాడకూడదు, ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోకూడదు. కత్తి కావాలంటే గని తవ్వి లోహం కరిగించుకోవడమో, రాక్షసుణ్ని చంపి తెచ్చుకోవడమో చేయాలి. పేరు పక్కన గుర్తు ఉంటుంది, ర్యాంకుల పట్టిక వేరు. మిగతావాళ్లు ఎలా ఆడినా ఆ గుర్తుకు మచ్చ రాదు. ఆ లెవెల్ ఎలా వచ్చిందో చూసినవాళ్లకు అడగకుండానే తెలుస్తుంది.

ఆ గుర్తు లేనిచోట నోటితో చెప్పడం ఒక్కటే ఉంది. బూస్ట్ కొనుక్కుని వచ్చినవాళ్లు, ఐడీ ఎవరో పెంచి ఇచ్చినవాళ్లు గుహలోకి దిగేముందు ఆ మాట చెప్పండి. పది నిమిషాలు ఆగి నేర్పేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరైనా ఉంటారు. నేనుంటే నేనే నేర్పుతాను.