బసవరాజు అప్పారావు గీతములు: ఒక పునఃపఠనము

పాట జనుల నోళ్ళలో నిలిచి, వ్రాసినవాని పేరు మాత్రము రాలిపోయినచో దానిని కీర్తి అనవలెనా, నష్టమనవలెనా? బసవరాజు అప్పారావు (1894–1933) విషయమున ఈ ప్రశ్నను సూటిగా అడిగినవారు తక్కువ. గుత్తివంకాయ కూర పాటను వినని తెలుగువాడు అరుదు. అది ఒక న్యాయవాది, ఒక సాహిత్య చరిత్రకారుడు కాగితముపై వ్రాసిన గేయమని ఎరిగినవాడు మరింత అరుదు. గాంధీ మహాత్ముని కొల్లాయిని గూర్చిన పాటకును ఇదే గతి. 1938లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన ‘మాలపిల్ల’లో ఆయన పాటలు వినిపించునప్పటికి కవి గతించి ఐదేండ్లయినది. ప్రేక్షకులు పాటను ఇంటికి తీసికొనిపోయిరి, పేరును ప్రదర్శనశాలలోనే విడిచిరి.

ఆయన ఆప్తుడైన నండూరి సుబ్బారావునకు ఇట్టి దురవస్థ పట్టలేదు. ‘యెంకిపాటలు’ 1925లో పుస్తకమైనప్పుడు దానికొక నాయిక, ఒక నాయకుడు, వారి చుట్టు ఒక పల్లె ఉండెను. పాఠకుడు దానిని కావ్యముగ చదివెను, విమర్శకుడు కావ్యముగ తూచెను. అప్పారావు పాటలలోని స్త్రీకి పేరు లేదు. ఒక పాటలో మరదలు, ఒక దానిలో గోపిక, మరియొక దానిలో మామిడిచెట్టును అల్లుకొన్న మాధవీలత. పేరు లేనందున ఈ పాటలు విడివిడిగ మిగిలిపోయినవి. కవి పేరు భావకవుల పట్టికలో కృష్ణశాస్త్రి, నండూరి తరువాత వచ్చు ‘మొదలైనవారు’లో కలిసిపోయినది. మన సాహిత్య చరిత్రలలో ‘మొదలైనవారు’ అను మాట క్రింద ఎందరు పూడ్చిపెట్టబడిరో లెక్కించుట కష్టము.

నా వాదమిది: ఈ గీతములు ఒక్క విషయమును గూర్చిన ఒక్క పుస్తకము. ఆ విషయము ఇద్దరు మనుష్యుల నడుమ ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు.

గుత్తివంకాయ పాటనే తీసికొందము. సభలలో దీనిని హుషారుగ పాడుదురు, శ్రోతలు నవ్వుదురు. నెమ్మదిగ చదివినచో నవ్వు అంత సులభముగ రాదు. ఆమె కూర వండినది, పాయసము కాచినది, పూరీలు వేచినది. ప్రతి పదార్థములోను తన మనస్సులోని ఒక భాగమును కలిపితినని చెప్పుచున్నది. ‘కూర’ అను నామమునకును ‘కూరు’ అను క్రియకును గల సామీప్యమును కవి వాడుకొన్న తీరు చూడుడు. గుత్తివంకాయకు కారము కూరవలసినదే. ఆ కూరు స్థానములో వలపు వచ్చి కూర్చున్నది. ఇది అలంకారశాస్త్రమునుండి తెచ్చిన శ్లేష కాదు, పొయ్యి దగ్గర పుట్టిన శ్లేష.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. కూర వడ్డించునప్పుడు కోరికతో తినుమని అడుగును. పాయసము దగ్గర మెచ్చుకొనవలెనని అడుగును. పూరీల దగ్గరకు వచ్చుసరికి కనికరించుమని అడుగుచున్నది! కోరికనుండి కనికరమునకు మూడు చరణములలో దిగివచ్చినది. ‘బావ’ అను పిలుపులో హక్కు కలదు, చనువు కలదు. ఆ పిలుపుతోనే జాలిని యాచించుటలో ఎంత వేదన ఉన్నదో పాట వరుస కప్పివేసినది. చివరి వరకును బావ పలుకడు. తిన్నాడో లేదో మనకు తెలియదు. ఇంత సంతోషముగ వినిపించు పాటలో ఇంత నిశ్శబ్దమును దాచుట సామాన్యుని పని కాదు.

దోషములు లేవని అనను. నాలుగవ చరణమున వెన్నెల ప్రవేశించుటతో పాట వంటయింటిని విడిచిపోవును. ‘వెన్నెల’ నుండి ‘వెన్న’ను పిండినది ప్రాస మోహమే గాని భావావసరము కాదు. అక్కడినుండి ఆమె పల్లె మరదలుగ గాక భావకవుల నాయికగ మాటలాడును. జానపద ఫణితిని పట్టిన చదువరి కవులందరికి కలుగు చిక్కే ఇది. స్కాట్లండులో రాబర్ట్ బరన్స్ పాత పల్లెపాటలకు క్రొత్త చరణములు వ్రాసినప్పుడు, ఏది ఊరిది ఏది కవిది అని విడదీయుట పండితులకు వృత్తియైనది. మనవారు ఆ శ్రమ కూడ పడలేదు. మొత్తము ఊరికే వ్రాసియిచ్చిరి.

దాదాపు ఆ దినములలోనే, 1927లో, అమెరికాలోని బ్రిస్టల్ పట్టణమున కార్టర్ కుటుంబము తొలి గ్రామఫోను రికార్డులకు పాడెను. కొండ పల్లెలలో పాటలు ఏరి తెచ్చినవాడు భర్త, ప్రధానముగ పాడినది భార్య సారా. ఆ దంపతులు అటు పిమ్మట విడిపోయినను కొంతకాలము కలిసి పాడుచునే ఉండిరి. అక్కడ భార్య గొంతు రికార్డుపై నిలిచినది. మన విషయమున భార్య మాట గ్రంథమై నిలిచినది. అప్పారావు సతీమణి రాజ్యలక్ష్మమ్మ ‘సౌదామిని’ పేరుతో కవిత్వము వ్రాసిన విదుషి. ‘అప్పారావుగారూ నేనూ’ అని తమ జీవితమును ఆమెయే వ్రాసినారు. ఆ శీర్షికలోని ‘నేను’ను మన విమర్శకులు తగినంతగా గమనించలేదు. అప్పారావు పాటలలో స్త్రీ పలుకును, పురుషుడు మౌనముగ నుండును. కాని ఆ స్త్రీ గొంతు పురుషుడు కల్పించినది. స్త్రీ నిజముగ పలికినది ఈ రెండవ పుస్తకములో. భర్త పాటలకు అది వ్యాఖ్య అనుట చిన్నతనము. పాటలో రాని జవాబు అవతలి దిక్కునుండి వచ్చినది. రెండును ఎదురెదురుగ పెట్టి చదువవలసినవి. దాంపత్యమును గూర్చి ఇట్లు ఇరువైపుల సాక్ష్యము కలిగిన కవులు మన భాషలో ఎందరున్నారు?

ఈ వ్యాసము మూలకుళమున కూర్చుండి వ్రాయుచున్నాను. ఇది పుదుచ్చేరి పట్టణపు ఊరు. వీధి భాష తమిళము. గోదావరి ఒడ్డున తెలుగు మాటలాడు యానాము ఇదే పుదుచ్చేరి పాలనలోనిదైనను, మధ్య దూరము వందల మైళ్ళు. తమిళ వీధిలోని తెలుగు ఇండ్లలో లిపి కంటె మాట, మాట కంటె పాట ఎక్కువ కాలము నిలుచుట సహజము. తెలుగు అక్షరము రాని బిడ్డకు కూడ బావను పిలుచు ఆ పల్లవి నోటికి వచ్చును. కనుక పాట బ్రతుకునా అను భయము నాకు లేదు. పల్లవి దగ్గర ఆగిపోయినవానికి మూడవ చరణము అందదు, రాజ్యలక్ష్మమ్మ గారి పేరు అసలే అందదు. ఈ రెండు పుస్తకములను ఒకే అట్టలో, పాఠభేదములు సరిచూచి, పాటలకు స్వరములు చేర్చి అచ్చువేయించు సంస్థ ఏదైన ముందుకు వచ్చినచో, మొదట దిద్దవలసినది విషయసూచికను: భర్త పాట ఎదుట భార్య ప్రకరణము, పుటకు పుట.