వీడియో నుంచి కదిలే బొమ్మకు: 'మాయాబజార్' దృశ్యం ఆధారంగా ఒక విమర్శ

పరిచయం

ఒక పద్యాన్ని దాని సందర్భం నుంచి విడదీసి ఉదహరిస్తే అర్థం ఎంతవరకు నిలుస్తుందన్నది సాహిత్య విమర్శలో పాత ప్రశ్నే. సినిమా విషయంలో అదే ప్రశ్న నేడు జిఫ్ బొమ్మ రూపంలో మన ముందుకు వచ్చింది. వృత్తి నిపుణులు వాడే వీడియో ఫైలును ఏదో ఒక ఆన్‌లైన్ సాధనంలో వేసి, మూడు సెకన్ల కదిలే బొమ్మగా మార్చుకోవడం ఈనాడు అందరికీ సాధ్యమే. అయితే ఇది కేవలం యాంత్రికమైన మార్పు కాదు, ఒక రకమైన ఎడిటింగ్. అందుచేత దీనిని విమర్శ దృష్టితో పరిశీలించడం అవసరం.

రెండు రూపాలు, రెండు ప్రయోజనాలు

జిఫ్ రూపాన్ని 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికన్ సంస్థ ప్రవేశపెట్టింది. నెమ్మదైన టెలిఫోన్ లైన్ల మీద బొమ్మలు పంపడం దాని ఉద్దేశం. ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య ఎంత వ్యవధి ఉండాలో చెప్పే ఏర్పాటు 1989 నాటి రూపంలో వచ్చింది. బొమ్మ ఆగకుండా తిరిగే పద్ధతిని 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరు తెచ్చింది. అంటే జిఫ్ పుట్టింది వీడియో కోసం కాదు.

ప్రోరెస్, ఎం.ఎక్స్.ఎఫ్. వంటివి ఇందుకు పూర్తిగా భిన్నమైనవి. ఎం.ఎక్స్.ఎఫ్. ఫైలులో దృశ్యంతో పాటు ధ్వని, టైమ్‌కోడ్, ఇతర వివరాలు కలిసి ఉంటాయి. ప్రోరెస్ 422 హెచ్.క్యూ.లో సెకనుకు 24 చిత్రాల హెచ్.డి. వీడియో నిమిషానికి సుమారు 1.3 గిగాబైట్లు ఉంటుంది. ఎడిటింగ్‌లోనూ, రంగుల దిద్దుబాటులోనూ నాణ్యత చెడకుండా ఉండాలనే ఇంత బరువు మోస్తారు.

ఏది నిలిచింది, ఏది పోయింది?

కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో విడుదలైన 'మాయాబజార్'లో ఘటోత్కచుడి పెళ్లి భోజనం అందరికీ తెలిసిన ఘట్టం. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్.వి. రంగారావు నోట్లోకి వెళ్లే దృశ్యాన్ని జిఫ్‌గా మార్చామనుకుందాం.

మొదటిది రంగు. జిఫ్‌లో ఒక్కో బొమ్మకు 256 రంగులకు మించని పట్టిక ఉంటుంది. ఇక్కడ ఒక విశేషం గమనించండి. మామూలు తెరమీద కనిపించే నలుపు తెలుపుల మధ్య ఛాయలు కూడా 256 మాత్రమే. కనుక పట్టికను సరిగా ఎన్నుకుంటే మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంలోని వెలుగునీడలు చాలావరకు నిలుస్తాయి. 2010లో వచ్చిన రంగుల ప్రతిని మారిస్తే ఆ మేలు ఉండదు. లక్షల రంగులను 256కు కుదించాలి కాబట్టి ముఖం మీద, గోడల మీద చారలో, చల్లినట్టున్న చుక్కలో కనిపిస్తాయి. పాత ప్రతే ఈ కొత్త రూపానికి బాగా ఒదుగుతుంది.

రెండవది కాలం. మూడు సెకన్ల సినిమాలో 72 చిత్రాలుంటాయి. సెకనుకు పది చొప్పున ఉంచితే 30 మిగులుతాయి. లడ్డూ గాలిలో తేలివచ్చే నడక తగ్గి, గెంతినట్టు కనిపిస్తుంది.

మూడవది ధ్వని. జిఫ్‌కు ధ్వని లేదు. మాధవపెద్ది సత్యం గానం, ఆ పాటలోని నవ్వు పూర్తిగా పోతాయి. ఈ ఘట్టంలో హాస్యానికి ఆయువుపట్టు ఆ గొంతే.

నాలుగవది సందర్భం. కథలో ఈ భోజనం శశిరేఖ పెళ్లిని తప్పించే మాయాతంత్రంలో ఒక భాగం. తిరుగుతూనే ఉండే బొమ్మలో ఘటోత్కచుడు ఎందుకు తింటున్నాడో తెలియదు, తినడం ముగియదు. వ్యూహం పోయి తిండిపోతుతనం మిగిలింది. ఇది కేవలం నాణ్యత తగ్గడం కాదు, పాత్ర స్వభావమే మారిపోవడం.

ఆన్‌లైన్ పద్ధతిలోని లోపం

ఏ మూడు సెకన్లు, ఎన్ని చిత్రాలు, ఏ పట్టిక అనేవి కళాత్మక నిర్ణయాలు. మనం ఎంచుకోకపోతే సాధనమే తన అలవాటు ప్రకారం నిర్ణయిస్తుంది. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. చాలా సాధనాలకు మొత్తం ఫైలును వేరొకరి సర్వరుకు పంపవలసి ఉంటుంది. విడుదల కాని చిత్రాన్ని అలా పంపడమంటే ఇంటి తాళంచెవిని ముక్కూముఖం తెలియనివారి చేతిలో పెట్టడమే. కావలసిన ముక్కను ముందుగా సొంత కంప్యూటరులోనే కత్తిరించుకుని, దానిని మాత్రమే పంపడం మంచిది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతోనైతే ఏమీ పంపకుండానే, దృశ్యానికి తగిన రంగుల పట్టికను తయారుచేసుకుని జిఫ్‌గా మార్చవచ్చు.

సారాంశం

జిఫ్‌ను తక్కువ చేసి చూడనవసరం లేదు. ఒక చూపును, ఒక చేతి విసురును పదేపదే చూపి, సినిమాహాలులో మన కన్ను దాటిపోయినదాన్ని పట్టిస్తుంది. నటనను పరిశీలించే విద్యార్థికి అది మంచి పరికరం. కాని దానిని ఉదాహరణగా చూడాలే తప్ప, సినిమాకు బదులుగా చూడరాదు. ఉదహరించేవారు చిత్రం పేరు, సంవత్సరం, దర్శకుని పేరు చెప్పడం కనీస మర్యాద. టైమ్‌కోడ్ ఎలాగూ పోయింది, పేరు కూడా పోతే ఆ బొమ్మ అనాథ అవుతుంది.

అభ్యాసం

మీకు తెలిసిన ఒక సినిమా దృశ్యాన్ని ముందు ధ్వనితో, తరువాత ధ్వని లేకుండా మూడు సెకన్ల ముక్కగా చూడండి. అర్థంలో వచ్చిన మార్పును రంగు, కాలం, ధ్వని, సందర్భం అనే నాలుగు అంశాల కింద పది వాక్యాలలో రాయండి.