వెడల్పు బోదె, తేలిక కాడి

ఏ యంత్రమైనా కొన్ని భాగాల కూర్పు. భాగాలు విడివిడిగా ఎంత బాగున్నా, అవి కలిసే చోట పొత్తు కుదరకపోతే పని సాగదు. బండి ఎంత గట్టిదైనా శీల ఊడితే చక్రం జారిపోతుంది. ఈ సంగతి పల్లెలోని వడ్రంగికి తెలిసినంతగా ఒక్కొక్కప్పుడు పెద్ద పరిశోధనాలయాలకు తట్టదు. పటాన్‌చెరులో ప్రయోగించి చూచిన ఒక సేద్యపు బండి చరిత్ర ఇందుకు తగిన ఉదాహరణ. అది చెడ్డ యంత్రం కాదు. దానితో చేయదలచిన సేద్య పద్ధతి ఇంకా మంచిది. అయినా రైతు దానిని తన ఇంటికి తీసుకుపోలేదు. ఎందుచేత?

హైదరాబాదు నుండి ముంబై వెళ్ళే రహదారి మీద రామచంద్రాపురం దాటగానే పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వస్తుంది. ఆ వాడకు చేరువలోనే, సుమారు 1,400 హెక్టార్ల విశాలమైన క్షేత్రంలో, ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఉన్నది. ఇది 1972లో ఏర్పడింది. అప్పుడు ఆ ప్రాంతం మెదక్ జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. ఈ క్షేత్రంలో ఎర్రనేలలూ ఉన్నవి, నల్లరేగడీ ఉన్నది.

నల్లరేగడి స్వభావం రైతులకు కొత్త కాదు. ఎండకు నెర్రెలు విచ్చి రాయిలాగా గట్టిపడుతుంది. వానకు ఉబ్బి జిగటబారుతుంది. ఎండినప్పుడు కర్రు దిగదు. తడిసినప్పుడు అడుగు పెట్టనీయదు. ఈ రెండు స్థితుల నడుమ దున్నటానికి అనువైన రోజులు కొద్ది మాత్రమే. అందుచేత లోతైన రేగడి చేలను వానకాలమంతా బీడుగా వదలి, నేలలో నిలిచిన తేమను ఆధారం చేసుకొని యాసంగిలో జొన్నగాని శనగగాని వేయటం మన ప్రాంతంలో పూర్వం నుండి వస్తున్న ఆచారం. ఈ ఆచారంలో వివేకం ఉన్నది, నష్టమూ ఉన్నది. ఏ పైరూ కప్పని చేను మీద వానలన్నీ కురిసి, మట్టిని వాగుల పాలు చేస్తవి.

ఈ నష్టాన్ని ఆపటానికి శాస్త్రజ్ఞులు వెడల్పు బోదెల పద్ధతిని రూపొందించారు. చేనంతటా సుమారు 100 సెంటీమీటర్ల వెడల్పు గల బోదెలు. వాటి నడుమ 50 సెంటీమీటర్ల కాలువలు. ఒక బోదె, ఒక కాలువ కలిపి 150 సెంటీమీటర్లు. కాలువ వాలు నూటికి 0.4 నుండి 0.8 వంతు, అనగా 100 మీటర్ల పొడవున 40 నుండి 80 సెంటీమీటర్ల పల్లం. వాన ఎక్కువైతే అదనపు నీరు ఈ కాలువల గుండా మెల్లగా జారిపోతుంది, మట్టి కొట్టుకుపోదు. పైరు బోదె మీద ఉంటుంది కాబట్టి వేళ్ళు నీట మునగవు. పంట కోసిన వెంటనే, నేల పూర్తిగా బిగిసిపోకముందే, బోదెలు సరిచేసి ఉంచి, తొలకరికి ముందు పొడి నేలలో విత్తితే, ఒక కారు బదులు రెండు కార్లు పండించవచ్చు. ఇంతవరకు లోపమెన్నదగినది ఏమీ లేదు.

అయితే 150 సెంటీమీటర్ల కొలతలో చేనంతా తీర్చటానికి పనిముట్టు కావాలి. ఇందుకు ఇక్రిశాట్ ఎన్నుకొన్నది ట్రాపికల్చర్ అనే రెండు చక్రాల సేద్యపు బండి. దీని రూపకర్త ఫ్రెంచి ఇంజనీరు జాన్ నోల్. ఆయన 1950ల నాటి నుండి ఆఫ్రికాలో, ముఖ్యంగా సెనెగల్‌లో, ఎడ్లతో లాగించే పనిముట్ల మీద కృషి చేసినవాడు. బండికి అడ్డంగా ఒక ఇనుప కమ్మి ఉంటుంది. దానికి కర్రు తగిలిస్తే నాగలి, బ్లేడు తగిలిస్తే గుంటక, జడ్డిగం తగిలిస్తే గొర్రు. పైన పెట్టె అమరిస్తే సామాను మోసే బండి. సేద్యగాడు వెంట నడవనక్కరలేదు, కూర్చొని తోలవచ్చు. చక్రాలూ ఎడ్లూ కాలువల్లోనే నడుస్తవి కాబట్టి బోదె మీది మట్టి ఎన్నడూ తొక్కుడు పడదు. ఊహ చక్కనిది.

ఇక్కడే కాడి సంగతి వస్తున్నది. ఒక్కొక్క ఎద్దు ఒక్కొక్క కాలువలో నడవాలంటే రెంటి మెడల నడుమ 150 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. మామూలు కాడి అంత పొడవు ఉండదు. కాడి పొడవు పెరిగితే ఏమవుతుందో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. జతలో ఒక ఎద్దు రెండవదానికంటె 10 కిలోలు ఎక్కువ బలంతో లాగుతున్నదనుకొందాం. మెడల నడుమ ఎడం 100 సెంటీమీటర్లయితే మధ్యబిందువు నుండి ఒక్కొక్క మెడకు 50. కాడిని పక్కకు తిప్పే బలం 10ని 50 చేత గుణించగా 500. ఎడం 150 అయితే అదే తేడాకు 10ని 75 చేత గుణించగా 750. ఎడ్లు మారలేదు, వాటి బలంలో తేడా మారలేదు. కాడి వెడల్పు మాత్రం మారింది. అంతమాత్రానికే నొగ కలిసే చోట మెలిపెట్టే బలం ఒకటిన్నర రెట్లయింది. ఆ మెలిని తట్టుకోవటానికి కాడి మాను లావు కావాలి, కట్టు గట్టిది కావాలి, జత సమంగా కుదరాలి. లావైన మాను బరువు మళ్ళీ ఎడ్ల మెడ మీదనే పడుతుంది.

లాగుడు లెక్క కూడా ఇటువంటిదే. ఎద్దు తన బరువులో సుమారు పదవ వంతు బలంతో గంటల తరబడి లాగగలదని సాధారణంగా అంచనా వేస్తారు. 800 కిలోల జత ఈ లెక్కన 80 కిలోల బలంతో లాగుతుంది. ఎండకాలం మేత చాలక చిక్కి 500 కిలోలకు దిగిన జతకు 50 కిలోలే శక్యం. తేమ గల నేలలో ఈ 50 చాలవచ్చు. బిగిసిన రేగడిలో చాలదు. పరిశోధనా క్షేత్రంలో ఎడ్లకు మేత కొరత లేదు, దున్నే రోజును ఎన్నుకొనే వీలున్నది. చిన్న రైతుకు ఈ రెండూ లేవు.

వెడల్పుకూ దానిని పట్టుకొనే తేలిక కట్టుకూ మధ్య వచ్చే ఈ పేచీ ఒక్క సేద్యానిదే కాదు. మంచుకొండల మీద జారటానికి కాళ్ళకు కట్టుకొనే స్కీ పలకల్లోనూ ఇదే సమస్య ఉన్నది. కొండ ఎక్కేటప్పుడు మడమ పైకి లేవాలి, బరువు తక్కువగా ఉండాలి. అందుకని ఆస్ట్రియా దేశస్థుడు ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో, బూటు మునివేళ్ళ చోట రెండు సూదిమొనలతో పట్టే అతి తేలికైన కట్టును తయారుచేశాడు. తరువాత మెత్తని మంచులో దిగబడకుండా ఉండటానికి పలకలను వెడల్పు చేయసాగారు. నడుము 80 మిల్లీమీటర్లున్న పలకలో అంచు మధ్యరేఖకు 40 మిల్లీమీటర్ల దూరం. 110 ఉన్నదానిలో 55. గట్టి మంచు మీద అంచును అదిమినప్పుడు సూదుల మీద పడే మెలి 40 నుండి 55కు, అనగా దాదాపు 1.4 రెట్లకు పెరుగుతుంది. మెత్తని మంచులోనైతే బరువు పలక అడుగంతటా పరచుకుంటుంది కనుక ఆ మెలి అంతగా తగలదు. తేలిక కట్టు, వెడల్పు పలక అనే జత మంచిదా చెడ్డదా అంటే ఒక్క మాటలో చెప్పరాదు. అది ఏ మంచు మీద అన్నదానిని బట్టి ఉంటుంది. పటాన్‌చెరు బండికీ ఇదే తీర్పు వర్తిస్తుంది. అది ఏ నేల మీద, ఏ ఎడ్లతో, ఏ ఊళ్ళో అన్నది చూడాలి.

ఆ పరీక్ష 1981-82లో మొదలైంది. సంగారెడ్డికి చేరువలోని తడ్డన్‌పల్లి గ్రామంలో రైతుల సొంత చేలలో, వ్యవసాయశాఖ సహకారంతో, ఈ పద్ధతిని అమలు చేసి చూశారు. పంటలు బాగానే వచ్చినవి. కాని బండి విషయంలో చిక్కులు తలెత్తినవి. దాని ధర నాగలి, గుంటక, గొర్రు అన్నీ కలిపిన ధరకు ఎన్నో రెట్లు. ఖరీదు తగ్గించటానికి బ్రిటన్‌లోని జాతీయ వ్యవసాయ ఇంజనీరింగు సంస్థతో కలిసి నికార్ట్ అనే మరొక బండిని రూపొందించారు. ప్రభుత్వం రాయితీలు ఇచ్చింది. పలువురు రైతులు కలిసి ఒక బండి కొనుక్కోవచ్చునన్నారు. కాని విత్తటానికి అనువైన రోజులు కొద్దే అయినప్పుడు ఆ రోజుల్లో బండి అందరికీ ఒక్కసారే కావలసివస్తుంది. పంచుకొనే మాట కాగితం మీద సులభం. తొలకరి నాడు కష్టం.

అన్ని పనులకూ ఒకే యంత్రమన్న గుణమే ఇంకొక విధంగా దోషమైంది. గుంటక విరిగితే రైతు నాగలి ఆగదు. ఈ బండికి ఇరుసు దగ్గర లోపం వస్తే నాగలి, గుంటక, గొర్రు, సామాను బండి అన్నీ ఒక్కసారే ఆగుతవి. బేరింగులు, ఉక్కు కమ్ములు, వెల్డింగు పటాన్‌చెరు వాడలో అడుగడుగునా దొరుకుతవి. ఊరి కమ్మరి కొలిమిలో దొరకవు. అర్ధగంట ప్రయాణంలో ఫ్యాక్టరీలున్న క్షేత్రంలో రూపొందే యంత్రానికి మరమ్మతు ఒక సమస్యగా కనబడకపోవటంలో వింత లేదు.

ఇక ఫలితాల లెక్కను కూడా విమర్శతో చూడాలి. ఇక్రిశాట్ క్షేత్రంలో 1976 నుండి సాగిన దీర్ఘకాలిక ప్రయోగంలో, మెరుగైన పద్ధతిలో హెక్టారుకు ఏటా సుమారు 5 టన్నుల ధాన్యం, పాత పద్ధతిలో సుమారు 1 టన్ను వచ్చినవి. ఈ వ్యత్యాసం అసామాన్యమైనది. అయితే మెరుగైన పద్ధతిలో మంచి విత్తనం ఉన్నది, ఎరువు ఉన్నది, ఒక పంటకు బదులు రెండు పంటలున్నవి, నీటి పారుదల తీర్చిన బోదెలున్నవి. ఇవన్నీ కలిసి తెచ్చిన నాలుగు టన్నులలో బండి వాటా ఎంత? మూటను మూటగా తూచినంత కాలం ఈ ప్రశ్నకు జవాబు రాదు. బోదెలను మరొక సాధనంతో చేసినా ఎరువు, విత్తనం తమ పని తాము చేసేవే. మూట మొత్తానికి వచ్చిన కీర్తిని బండికి అంటగట్టటం ఈ ప్రచారంలోని ముఖ్యమైన లోపం.

ఇంగ్లండుకు చెందిన పాల్ స్టార్కీ 1988లో ఇటువంటి బండ్ల చరిత్రను ఒక గ్రంథంగా ప్రచురించాడు. పరిపూర్ణమయ్యాయి గాని తిరస్కరింపబడ్డాయి అని అర్థం వచ్చే శీర్షిక దానిది. మూడు దశాబ్దాలలో అనేక దేశాలలో 45కు పైగా నమూనాలు, సుమారు 10,000 బండ్లు తయారైనవనీ, బహుళ ప్రయోజన సాధనంగా వాటిని వాడుతూ వచ్చిన రైతులు లేనట్లేననీ, చాలా చోట్ల అవి వట్టి సామాను బండ్లుగా మిగిలాయనీ ఆయన నిరూపించాడు. పరిశోధనా క్షేత్రాల నివేదికలు విజయాన్నే చెప్పి వైఫల్యాన్ని మరుగుపరచటం వలన ఒక దేశంలో జరిగిన పొరపాటు మరొక దేశంలో మళ్ళీ జరిగిందన్నది ఆయన ముఖ్య వాదం. ఇది అంగీకరించదగినదే. కాని గ్రంథం దృష్టి బండి మీదనే నిలిచింది. బండి ఓడినంత మాత్రాన బోదె ఓడినట్లు కాదన్న సంగతిని పాఠకుడు మరువరాదు.

ఆ సంగతిని చూపింది ఇథియోపియా. అక్కడి ఎత్తయిన పీఠభూమిలో కూడా నల్లరేగడి ఉన్నది. ఇనెవారి ప్రాంతంలో ఆడవారు, పిల్లలు చేతులతో మట్టి ఎత్తి బోదెలు కట్టటం ఆచారం. 1980లలో ఇక్రిశాట్ కూడా పాల్గొన్న ఒక ఉమ్మడి పథకంలో, మరేషా అనే అక్కడి కొయ్యనాగళ్ళను రెండింటిని జంటగా బిగించి బోదెలు తీసే పనిముట్టును చేశారు. చక్రాలు లేవు, బేరింగులు లేవు. నాగలి రైతుదే, కాడి రైతుదే. బోదె వెడల్పును కూడా 80 సెంటీమీటర్లకు తగ్గించారు. ఇదీ నిర్దుష్టమైనది కాదు. ఎడ్లకు బరువెక్కువన్న ఫిర్యాదు దీని మీదా వచ్చింది. కాని ఆలోచన తీరు మారింది. వెడల్పుకు తగిన కాడిని వెదకటానికి బదులు, ఉన్న కాడికి తగిన వెడల్పును వెదికారు.

ఈనాడు మన ప్రాంతంలో ఎడ్ల సేద్యం చాలావరకు తగ్గింది. వెడల్పు బోదెలు మాత్రం పోలేదు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో సోయా చిక్కుడును ట్రాక్టరుకు తగిలించిన యంత్రాలతో ఇటువంటి బోదెల మీదనే విత్తుతున్నారు. కుండపోతగా కురిసే వానల్లో ఈ బోదెల అవసరం పెరిగేదేగాని తరిగేది కాదు. కాడి స్థానంలో ఇప్పుడు ట్రాక్టరు వెనుక కొక్కేలున్నవి. చిన్న ట్రాక్టరుకు పెద్ద బోదె యంత్రం తగిలిస్తే ముందు చక్రాలు తేలిపోతవి. చక్రాల ఎడం బోదె కొలతకు సరిపోకపోతే కట్టిన బోదెనే అవి తొక్కుతవి. పేరు మారిందిగాని లెక్క అదే.

పనిముట్లు తయారుచేసేవారికీ, వాటికి రాయితీలిచ్చే శాఖలకూ ఈ చరిత్ర నుండి అందవలసినది ఒక్కటే. కొత్త యంత్రం ఎంత పని చేస్తుందన్న ప్రశ్న రెండవది. అది దేనికి తగులుకొంటుంది, ఎండిన నేలలో ఆ తగులు నిలుస్తుందా, విరిగితే ఊళ్ళో ఎవరు బాగుచేస్తారు అన్నవి మొదటివి. బండి గీయకముందు కాడిని కొలవాలి.