బంధుత్వం, అభ్యర్థిత్వం: మల్లు స్వరాజ్యం ఆత్మకథ - ఒక పరిశీలన

కీలకపదాలు: ఆత్మకథ, రాజకీయ కుటుంబం, అభ్యర్థిత్వం, సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ

ఉపోద్ఘాతం:

రాజకీయ కుటుంబాల జీవితకథలను చదివేటప్పుడు విమర్శకు రెండు సులభమైన దారులున్నాయి. అభ్యర్థిత్వాన్ని పూర్తిగా ఆదర్శానికి దక్కిన ఫలంగా చూడటం ఒకటి, పూర్తిగా బంధువుల వ్యూహంగా చూడటం మరొకటి. మల్లు స్వరాజ్యం చెప్పగా విమల, కాత్యాయని అక్షరబద్ధం చేసిన ‘నా మాటే తుపాకీ తూటా’ (2019) ఈ రెండింటి పరిమితిని గుర్తించడానికి తోడ్పడుతుంది.

1. అన్న, చెల్లెలు:

స్వరాజ్యం అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి 1971, 1984, 1991లలో మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆమె 1978, 1983లలో తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. భర్త మల్లు వెంకట నర్సింహారెడ్డి కూడా మార్క్సిస్టు పార్టీ నాయకుడే. ఈ సంవత్సరాలను వరుసగా పేర్చితే పదవి ఒకే ఇంట్లో చేతులు మారినట్లు కనిపిస్తుంది. అయితే వరుస నిరూపణ కాదు. చిన్ననాట గోర్కీ ‘అమ్మ’ను ఆమెకు అందించింది అన్నే. కాని నిజాం ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టింది ఆమె తలకు. శాసనసభ అభ్యర్థిత్వానికి మూడు దశాబ్దాల ముందే ఆమె సాయుధ పోరాటంలో ఉన్నారు. 1983 తెలుగుదేశం ప్రభంజనంలో, ప్రధాన పక్షాలు రెండింటికీ వెలుపల నిలిచి ఆమె గెలిచారు. బంధుత్వం ఆమెకు ప్రవేశాన్ని సుగమం చేసి ఉండవచ్చు. అర్హత మాత్రం స్వార్జితం.

2. వాన్ బ్యూరెన్ ఉదాహరణ:

ఇదే చిక్కు అమెరికా చరిత్రలోనూ ఉంది. 1844 డెమోక్రటిక్ పార్టీ మహాసభలో మార్టిన్ వాన్ బ్యూరెన్‌కు తొలి వోటింగులో ఆధిక్యం వచ్చినా, మూడింట రెండు వంతుల నిబంధన వల్ల అభ్యర్థిత్వం దక్కలేదు. 1848లో బఫెలోలో ఫ్రీ సాయిల్ అనే మూడో పార్టీ ఆయనను అధ్యక్ష అభ్యర్థిగా నిలిపింది. కుమారుడు జాన్ ఆ తిరుగుబాటు వర్గంలో ప్రముఖ వక్త. తండ్రికి జరిగిన పరాభవానికి కొడుకు తీర్చుకున్న పగ అన్నది ఒక పఠనం. తండ్రీకొడుకులు తరువాత పాత పార్టీకే మళ్లడం దానికి బలమిస్తుంది. కాని బానిసత్వ విస్తరణ కూడదన్న ఆ పార్టీకి పడిన సుమారు పది శాతం వోట్లను కుటుంబ పగ వివరించలేదు.

3. కోదాడ:

ఉత్తమ్ కుమార్ రెడ్డి 1999, 2004లలో కోదాడలో గెలిచి, 2009లో హుజూర్‌నగర్‌కు మారారు. ఆయన భార్య పద్మావతి 2014లో కోదాడలో గెలిచి, 2018లో ఓడి, 2023లో తిరిగి గెలిచారు. బంధుత్వం అభ్యర్థిత్వానికి తోడ్పడినా తీర్పును శాసించలేదని ఈ గెలుపోటములు చెబుతాయి.

ముగింపు:

‘కుటుంబ రాజకీయం’ అన్న ఒక్క మాట ఈ మూడు సందర్భాలనూ ఒకే గాటన కడుతుంది. అభ్యర్థిత్వానికి ముందున్న స్వీయ కృషి, నిలిచిన పక్షం స్వభావం, తదనంతర ఆచరణ అనే మూడింటినీ విడివిడిగా పరిశీలించాలి. ఆ పని చేయని విమర్శ స్త్రీ నాయకత్వాన్ని అన్న నీడగానో, భర్త నీడగానో కుదించే ప్రమాదముంది. ‘నా మాట’ అని శీర్షికలోనే ప్రకటించుకున్న ఆత్మకథకు అది న్యాయం కాదు.